పిల్లల ఆసుపత్రి కోసం మారథాన్: విరాళాలు ఎలా అడిగారు?

తొలిపరుగు: వచ్చే సీజన్‌లో నా మొదటి ఫుల్ మారథాన్. పిల్లల ఆసుపత్రి తరఫున చారిటీ స్లాట్ (విరాళాలు తెస్తామంటే రేసులో ఇచ్చే చోటు) తీసుకున్నాను. కనీసం ఇంత తేవాలని వాళ్లు పెట్టిన మొత్తం చూస్తే 42 కిలోమీటర్ల కన్నా దానికే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లను ఎలా అడగాలి? ఎప్పుడు మొదలుపెట్టాలి? షూస్ ఏవి మంచివి?

ఆఖరిమైలు: 42 కాదండీ, 42.195. ఆ 195 మీటర్లు ఎంత పొడవో అక్కడికి చేరాక తెలుస్తుంది. అడగడం ఇప్పుడే మొదలుపెట్టండి. గ్రూపులో లింక్ పడేస్తే చూసి వదిలేస్తారు, ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడిగా రాయండి. "పూర్తిచేశాక ఇస్తా" అన్నవాళ్లలో సగం మంది నాకు ఇప్పటికీ ఇవ్వలేదు. ముందే ఇప్పించుకోండి.

నిదానం: నేను వెంటిలేటర్ కోసమే అని రాశాను. ఫలానా మెషీన్ అంటేనే జనం ఇస్తారు. ఆసుపత్రి నిధి అంటే ఎవరికీ పట్టదు. అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది.

వార్డుడ్యూటీ: ఈ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నేను పిల్లల వార్డులో నర్సుని. మెషీన్ వస్తుంది, ఫొటోలు దిగుతారు. దాని ట్యూబులు, ఫిల్టర్లు, సర్వీసింగ్ ఎవరు చూడాలి? నెలల పాపకీ పన్నెండేళ్ల బాబుకీ ఒకే మాస్క్ సరిపోదు. బీపీ చూసే పట్టీ సైజు తప్పితే రీడింగే తప్పొస్తుంది. ఈ చిన్న సామాన్లకి దాతలు దొరకరు. మెషీన్‌కని ఇచ్చిన డబ్బు వీటికి వాడకూడదు. "ఎక్కడ అవసరమైతే అక్కడ వాడండి" అని ఇవ్వండి, దయచేసి.

నిదానం: ఇచ్చేవాడికి తన డబ్బు ఎటు పోయిందో తెలుసుకునే హక్కు లేదా? జీతాలకి పోతుందంటే మావాళ్లెవరూ ఇవ్వరు.

వార్డుడ్యూటీ: జీతాలంటే అంత చులకనా? అర్ధరాత్రి ఆ మెషీన్ అలారం మోగితే పరిగెత్తేది జీతం తీసుకునే మనిషే.

పేస్‌మాస్టర్: ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్నాను, ఎంతోమందిని ఫినిష్ లైన్ దాటించాను, నా మాట వినండి. డబ్బు గొడవ తర్వాత. 30 కిలోమీటర్లు దాటాక గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, అడుగంటి కాళ్లు మొరాయిస్తాయి. లాంగ్ రన్స్ ఎగ్గొట్టకండి. దారిలో నీళ్లిచ్చే ప్రతి స్టేషన్‌లోనూ కడుపునిండా నీళ్లు తాగండి.

ఆఖరిమైలు: ఆ చివరి మాట ప్రమాదం సార్. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లలో 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు, పడిపోయి ఉంది. పరుగులో బరువు పెరిగేంతగా తాగడమే పెద్ద కారణం. దాహాన్ని బట్టి తాగాలి. కొత్తవాళ్లకి ఇలా చెప్పకండి.

పేస్‌మాస్టర్: మండుటెండలో పరిగెత్తి చెప్పండి ఆ మాట. నా దగ్గర నేర్చుకున్నవాళ్లకి ఎవరికీ ఏమీ కాలేదు.

బాబుకోసం: మా బాబు అలాంటి వార్డులో చాలాకాలం ఉన్నాడు. నర్సు గారు చెప్పింది నిజం. రాత్రుళ్లు వాడి పక్కన నేను పడుకున్న మడత మంచం కూడా ఎవరో ఇచ్చిన విరాళమే. చిన్న మొత్తాలని తీసిపారేయకండి. 1980లో కృత్రిమ కాలితో కెనడా అంతా పరిగెత్తాలని బయల్దేరిన టెర్రీ ఫాక్స్, క్యాన్సర్ పరిశోధనకి ఒక్కో కెనడియన్ ఒక్కో డాలర్ ఇస్తే చాలన్నాడు.

నిదానం: మంచం కోసమనే రాయొచ్చుగా మరి! వస్తువు పేరు చెప్పి అడగమనేగా నేనూ అంటున్నది.

తొలిపరుగు: విడిగా రాయడం ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. షూస్ సంగతి ఎవరూ చెప్పలేదు.

గాలివాటం: మీ కాలికి హాయిగా ఉన్నవేవైనా సరే, రేసు రోజు మాత్రం కొత్తవి తొడగకండి. ఆఖరిమైలు గారూ, మరి ఉప్పు బిళ్లలు వేసుకుంటే ఎన్ని నీళ్లయినా తాగొచ్చా?

ఆఖరిమైలు: లేదండీ. అతిగా తాగితే బిళ్లలు కాపాడవు.