బోదకాలు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, దారి చెప్పగలరా?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎంఏ సోషియాలజీ పూర్తయింది.

మా నాన్నమ్మకి బోదకాలు ఉండేది. పెళ్లిళ్లలో చీర కుచ్చిళ్లు పాదాల మీదికి జార్చుకుని, ఆఖరి బంతిలో గానీ కూర్చునేది కాదు. రోజూ సాయంత్రం ఆ కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా పాత నూలుగుడ్డతో తుడిచింది నేనే.

ఇది దోమ వల్ల వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఈ జబ్బు రాకుండా ఊరంతా పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రల్ని మా వీధిలో చాలామంది తీసుకుని గూట్లో పెట్టేస్తారు. ఎందుకు మింగరు? వాపు కంటే సిగ్గే ఎందుకు ఎక్కువ బాధపెడుతుంది? నా పరిశోధన దీని మీదే చేయాలని ఉంది. సోషియాలజిస్ట్ టాల్కట్ పార్సన్స్ 1951లో చెప్పిన ‘రోగి పాత్ర’ చదివాను. జబ్బుపడ్డవాళ్లకి రోజువారీ బాధ్యతల నుంచి మినహాయింపు ఉంటుంది, బదులుగా వాళ్లు నయం కావడానికి ప్రయత్నించాలి అనేది దాని సారాంశం. నయమయ్యే జబ్బులకి సరే, జీవితాంతం మోయాల్సిన దీనికి అది చాలదనిపించింది. 1963లో ఇంకో సోషియాలజిస్ట్ గాఫ్‌మన్ సామాజిక కళంకం గురించి, అంటే నలుగురూ తక్కువగా చూసే మచ్చ గురించి రాసిందే మా నాన్నమ్మకి దగ్గరగా ఉంది.

ఢిల్లీ జేఎన్‌యూలోని సోషల్ మెడిసిన్ సెంటర్‌లో గానీ, తిరువనంతపురంలో ప్రజారోగ్యం చెప్పే అచ్యుత మేనన్ సెంటర్‌లో గానీ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మెడికల్ డిగ్రీ లేనివాళ్లకి గైడ్ దొరకడం కష్టమా? ప్రపోజల్‌లో నాన్నమ్మ సంగతి రాయొచ్చా, సొంత గొడవ అనుకుంటారా? ఈ ఒక్కదానికే చాలా టెన్షన్‌గా ఉందండీ.