అప్‌డేట్: బ్యాటరీ మార్చాక వచ్చిన గేర్ల కుదుపు తగ్గింది

కొత్త బ్యాటరీ వేయించాక మా ఆటోమేటిక్ కారు రెండో గేరులోకి మారేటప్పుడు గట్టిగా కుదుపుతోందని, గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్‌తో అడిగాను కదా. ఇప్పుడు బాగుంది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరు చెప్పిందే నిజం. బ్యాటరీ తీసినప్పుడు గేర్‌బాక్స్ కంప్యూటర్ అప్పటిదాకా నేర్చుకున్న సెట్టింగులు చెరిగిపోయాయి. గేర్లు మార్చడానికి గేర్‌బాక్స్ లోపల ఉండే క్లచ్‌లలో దేన్ని ఎంత ఒత్తిడితో, ఎప్పుడు పట్టాలన్నది అది నడుపుతుండగా మళ్లీ నేర్చుకుంటుంది. అన్ని కార్లలోనూ ఇలా చెరగదు.

అది మళ్లీ నేర్చుకోవడానికి ముందు ఏసీ ఆపి, ఇంజిన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచాను. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం కాసేపు నడిపితేనే సరిగ్గా వేడెక్కుతుంది. తర్వాత పొద్దున్నే అమలాపురం నుంచి రావులపాలెం వైపు తీసుకెళ్లాను. యాక్సిలరేటర్‌ని సుతారంగా, ఒకే తీరున నొక్కుతూ పై గేర్ల దాకా వెళ్లడం, మెల్లగా బ్రేక్ వేసి పూర్తిగా ఆపడం, మళ్లీ బయల్దేరడం. మన కోనసీమ నేల చదును కాబట్టి ఈ పనికి చాలా అనువు. కాకపోతే ధాన్యం ట్రాక్టర్లు రోడ్డెక్కకముందే వెళ్లాలి.

గేర్‌బాక్స్ దింపాల్సిందేనన్న మెకానిక్‌కి వద్దని చెప్పేశాను. మీ కారులో వార్నింగ్ లైటు కూడా వెలుగుతుంటే మాత్రం ముందు స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి.