ఎరుకల మగాడు, బయటి మగాడు ఒకటేనా? సెమినార్‌కి హెల్ప్ కావాలి

బెజవాడ పీజీ: సోషియాలజీ చేస్తున్నా, సెమినార్‌కి ఆదివాసీ మగాళ్ళ మీద టాపిక్ ఇచ్చారు. తెగ, జెండర్ రెండూ కలిపి చూడమంటున్నారు మేడమ్. మగాడంటే ఎక్కడైనా పెత్తనం ఆయనదే కదా, మరి తెగ వల్ల కొత్తగా మారేదేంటి? గుంటూరు వైపు ఉదాహరణలుంటే చెప్పండి ప్లీజ్.

తాడేపల్లోడు: బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉందిగా తమ్ముడూ. ఎరుకలోళ్ళు ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు, తెల్లోళ్ళ ఉప్పు చట్టాలు, రైళ్ళు వచ్చాక ఆ బేరం దెబ్బతిని తిరిగేవాడు కాస్తా అనుమానితుడైపోయాడు. 1911 నేరస్త తెగల చట్టం వచ్చాక వీళ్ళది నేరస్త తెగ అని ముద్రేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరేసి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపే సెటిల్‌మెంట్లలో (నిఘా ఉండే కాలనీల్లో) పెట్టారు. స్టూవర్టుపురం అట్టా పుట్టిందే, మా సీతానగరం కూడా అట్టాంటిదే. అదే సర్కారు ఉత్తరాదిలో కొన్ని కులాల్ని వీరజాతులని మిలిటరీలో చేర్చుకుంది. ఒకడి ధైర్యానికి యూనిఫాం, ఇంకొకడి ధైర్యానికి స్టేషన్లో సంతకం. చట్టం దేశమంతా 1952లో ఎత్తేశారు గానీ ఇప్పటికీ ఊరి పేరు చెప్తే ఎదుటోడి మొహం మారుద్ది.

తెనాలి అమ్మాయి: అన్నగారూ, ఆడాళ్ళని వదిలేశారు. ఎరుక చెప్పేది వాళ్ళే, గంపలు నెత్తిన పెట్టుకుని అమ్మేదీ వాళ్ళే, చేతిలో నాలుగు డబ్బులాడేవి. కట్నం కాదు, పిల్ల వాళ్ళకే ఓలి (డబ్బు) ఇచ్చి చేసుకునేవాళ్ళు. 1909లో థర్‌స్టన్ అనే తెల్లదొర దక్షిణాది కులాలు, తెగల మీద అచ్చేసిన సంపుటాల్లో ఇంకోటుంది, పెళ్ళానికి నొప్పులొస్తే మొగుడు ఆమె బట్టలు కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, మసక దీపం ఉన్న చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడట. బిడ్డని కడిగి ఆయన పక్కనే పెట్టి ఇంగువ, బెల్లం కూడా ఆయనకే పెట్టేవాళ్ళట, బాలింతకి కాదు!! (ఇది చదివి మా ఇంట్లో నవ్వాగలేదు.) అయితే ఆడాళ్ళ రాజ్యం అనుకోకండి, పోలీసు ముందు తలొంచినోడు ఆ కసి ఇంట్లో ఎవరి మీద తీర్చుకుంటాడో వేరే చెప్పాలా. తెగ, జెండర్ కలిపి చూడమనేది ఇందుకే అనుకుంటా.

గుంటూరు మిర్చి: ఎరుకలు, యానాదులు, చెంచులు అందరినీ ఒకే గాటన కట్టేయకు తమ్ముడూ, సెమినార్లో ఇరుక్కుంటావ్. రంప తిరుగుబాటులో అల్లూరి పక్కన పోరాడిన మన్యం ఆదివాసీ గాం గంటందొరని వీరుడంటాం, మైదానంలో పక్కింట్లో ఉండే ఎరుకలాయన్ని మాత్రం అనుమానంగా చూస్తాం, ఈ తేడా ఎక్కడిదో దాని మీద రాయి. స్టూవర్టుపురంలో సంఘ సంస్కర్తలు లవణం, హేమలత గార్లు ఏళ్ళ తరబడి పనిచేశారు, లవణం గారు పెరిగిన నాస్తిక కేంద్రం మీ బెజవాడ బెంజిసర్కిల్ దగ్గరే, ముందు అక్కడికెళ్ళి అడుగు. ఆ తర్వాత స్టూవర్టుపురం కూడా పో, కెమెరా మాత్రం తీసుకెళ్ళకు.