గుండె ధమని చీలిక తరువాత మళ్లీ షటిల్ ఆడవచ్చా?

అమలాపురం నుంచి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా వయసు 43. పదేళ్లుగా తెల్లవారుజామున ఐదున్నరకల్లా కోర్టుకు చేరి షటిల్ డబుల్స్ ఆడడం నా అలవాటు. బీపీ, షుగర్ లేవు. కొలెస్టరాల్ ఎన్నడూ హద్దు దాటలేదు. గత కార్తికమాసంలో మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పది రోజులు ఇంటికీ ఆసుపత్రికీ మధ్య నిద్ర లేకుండా తిరిగాను. ఆమెను ఇంటికి తెచ్చిన మర్నాటి రాత్రి గుండెల మీద పొత్రం పెట్టినట్టు బరువు, ఎడమ దవడ లాగడం, ఒళ్లంతా చెమటలు పట్టడం మొదలయ్యాయి. దగ్గరలో చూపిస్తే నా వయసూ ఒడ్డూ పొడుగూ చూసి, గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపించేశారు. తెల్లవారినా తగ్గకపోవడంతో కాకినాడ తీసుకువెళ్లారు. అక్కడ ఈసీజీలో తేడా కనిపించింది, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) ఎక్కువగా ఉంది. యాంజియోగ్రామ్ చేస్తే గుండె ముందు భాగానికి దిగే ఎడమ ధమని గోడలో చీలిక ఉందని, దీనిని స్కాడ్ అంటారని చెప్పారు. స్టెంట్ వేయలేదు. మందులు రాసి, అయిదు రోజులు ఉంచుకుని ఇంటికి పంపారు.

ఇప్పటికి ఏడు నెలలు. మొన్న తీసిన సీటీ యాంజియోగ్రామ్‌లో ధమని మానినట్టు కనిపించింది, ఎకో కూడా బాగుంది. రోజూ నలభై నిమిషాలు కాలువగట్టు మీద ఆయాసం లేకుండా నడుస్తున్నాను. ఆట సంగతి అడిగితే మాత్రం డాక్టరుగారు ‘చూద్దాంలెండి’ అంటున్నారు, ఇంట్లోవాళ్లు రాకెట్‌ను అటకెక్కించేశారు. ఈ జబ్బు వచ్చి, మళ్లీ ఆటలోకి వెళ్లినవారు ఎవరైనా ఉంటే, ఎప్పుడు మొదలుపెట్టారో, దేనికి దూరంగా ఉన్నారో దయచేసి చెప్పగలరు.

పాలకొల్లు నుంచి:

అక్కా, నాకు మా రెండో పాప పుట్టిన మూడో వారంలో వచ్చింది. అప్పుడు నాకు 34 ఏళ్లు. ఇది జరిగి అయిదేళ్లయింది. నాది సైకిలు. మొదటి మూడు నెలలూ నడక తప్ప మరేమీ చేయలేదు. ఆ తరువాత ట్రెడ్‌మిల్ మీద డాక్టరుగారి ఎదుటే పరీక్ష చేయించుకుని, వారి దగ్గరే పన్నెండు వారాలు వ్యాయామం చేసి, అప్పుడు సైకిలు తీశాను.

మన డెల్టాలో కొండలు లేవు కాబట్టి సైకిలు సుఖమే అనుకుంటారు గాని, నా వంటివారికి చించినాడ వంతెనే కొండ. మొదటి ఏడాది వంతెన మొదట్లోనే దిగి సైకిలు నడిపించుకుంటూ వెళ్లేదాన్ని. చూసినవాళ్లు చైను తెగిందా అని అడిగేవారు. సాయంత్రం నరసాపురం వైపు వెళితే సముద్రపు గాలి ఎదురుకొడుతుంది, ఆ గాలి వంతెన కంటే కష్టం.

చేతికి పెట్టుకున్న వాచీ చెప్పే నాడి లెక్కను నమ్మవద్దు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ వేసుకునే నాకు, రొప్పుతున్నప్పుడు కూడా అది 110 దాటదు. నేను గుర్తుగా పెట్టుకున్నది మాట. పక్కనున్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరే, మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే వేగం తగ్గించాలి. ఇంకొకటి, ఎండాకాలంలో ఈ మందులు వేసుకుని చెమటలు పట్టేలా తిరిగితే బీపీ బాగా పడిపోతుంది. ఒక మే నెలలో గుడి మెట్ల మీద కూర్చుని లేవబోయి కళ్లు తిరిగి పడ్డాను.

రాజమహేంద్రవరం నుంచి (హృద్రోగ వైద్యుడిని):

అమ్మా, మిమ్మల్ని పరీక్షించకుండా ఆడండి అనిగాని, వద్దు అనిగాని చెప్పడం నాకు తగదు. అయితే మీ డాక్టరుగారు ‘చూద్దాం’ అనడం వెనుక ఏముందో చెప్పగలను. మామూలు గుండెపోటులో ధమని లోపల కొవ్వు పేరుకుని, అది పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మీ విషయంలో అలా జరగలేదు. ధమని గోడ పొరల మధ్య రక్తం చేరి ఉబ్బి, అది లోపలి దారిని పక్కనుంచి నొక్కింది. అటువంటి గోడలోకి తీగ దింపి స్టెంట్ వేస్తే చీలిక మరింత ముందుకు పాకే ప్రమాదం ఉన్నందున, రక్తప్రసారం బాగా ఉన్నప్పుడు కదపకుండా వదిలేయడమే మేలు. చాలామందిలో అది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపల తనంతట తానే మానుతుంది. ఈ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే, అదీ ఎక్కువగా మీ వంటి ఆరోగ్యవంతులే, కాబట్టే మొదట చూసినచోట గ్యాస్ అనుకుంటారు.

ధమని మానినా, మళ్లీ చీలే అవకాశం ఉంటుంది. వేర్వేరు పరిశీలనల్లో ఇది పదిశాతం నుంచి ముప్పై శాతం దాకా ఉంది. వాంకూవర్ వైద్యులు 327 మందిని అనుసరించి 2017లో ప్రచురించిన పరిశీలనలో, అధిక రక్తపోటు ఉన్నవారికి తిరిగి రావడం ఎక్కువగాను, బీటా బ్లాకర్ (గుండె వేగం, రక్తపోటు తగ్గించే మందు) వాడినవారికి తక్కువగాను కనిపించింది. అందువల్ల ఆట మొదలయ్యాక అలసటగా ఉందని ఆ మాత్ర మీకు మీరే మానేయవద్దు. మెదడు, మెడ, మూత్రపిండాల ధమనుల్లో ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా (ధమని గోడ కణాలు అసహజంగా పెరిగే జబ్బు) ఉందేమో తల నుంచి కటి దాకా స్కాన్ చేయించారో లేదో కూడా అడగండి. స్కాడ్, ఈ జబ్బు చాలా తరచుగా కలిసి ఉంటాయి.

ఇక వ్యాయామం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో స్కాడ్ గురించి ఇచ్చిన ప్రకటన రోగులను కార్డియాక్ రిహాబ్‌కు (వైద్యుల పర్యవేక్షణలో చేసే వ్యాయామానికి) పంపమనే చెబుతుంది. అంటే కదలికకు భయపడనక్కరలేదు. భయపడవలసింది ఊపిరి బిగబట్టి చేసే బలప్రయోగానికి. 1985లో కెనడాలో అయిదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిచారు. వారు రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు రక్తపోటు సగటున 320/250కి చేరింది. నడకలోగాని, తేలికైన పరుగులోగాని ఇలా జరగదు. అందుకే ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు సాధారణంగా పది, పదమూడు కిలోలకు మించిన బరువు వద్దంటాము.

కాకినాడ నుంచి (షటిల్ కోచ్‌ను):

డాక్టరుగారు చెప్పినదానిని కోర్టులోకి తెస్తాను. షటిల్‌లో చిక్కు ఏమిటంటే అది నడకలా సమంగా సాగదు. నిలబడి ఉన్న మనిషి ఒక్కసారిగా దూకాలి, వంగాలి, మళ్లీ నిలబడాలి. స్మాష్ (షటిల్‌ను పైనుంచి కిందికి బలంగా కొట్టడం) కొట్టేటప్పుడు మనలో చాలామందికి ఊపిరి బిగబట్టే అలవాటు ఉంటుంది, అది ఎవరికి వారికి తెలియదు. మీ ఊరి సాత్విక్‌సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి 2023లో గిన్నిస్ రికార్డు పెట్టాడు గనుక, కోనసీమలో రాకెట్ పట్టిన ప్రతివారికీ స్మాష్ మీదే కన్ను. మీరు ప్రస్తుతానికి దానిని పక్కన పెట్టండి.

మొదట పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కేదాకా నడక, చేతుల కదలిక. తరువాత సగం కోర్టులో మాత్రమే డ్రాప్ (నెట్ దగ్గర మెల్లగా పడేయడం), లిఫ్ట్ (కింద నుంచి ఎత్తుగా లేపడం). షాట్ కొట్టిన ప్రతిసారీ ‘హా’ అని నోటితో గాలి వదలండి. బోర్గ్ స్కేలు అని 6 నుంచి 20 దాకా ఒక లెక్క ఉంది. అందులో 12, 13 దగ్గర, అంటే కొంచెం కష్టంగా ఉందిగాని సాగించవచ్చు అనిపించేచోట ఉండండి. ఆపేటప్పుడు ఒక్కసారి కుర్చీలో కూలబడకుండా అయిదు నిమిషాలు నడవండి.

అన్నిటికంటే ముఖ్యం, స్కోరు పెట్టకండి. నా అనుభవంలో పెద్దవాళ్లు ఒళ్లు మరిచేది పరుగులో కాదండి, పందొమ్మిది–పందొమ్మిది దగ్గర.

భీమవరం నుంచి:

ఏమీ అనుకోకండి గాని, ప్రాణం కంటే ఆట ఎక్కువా? మా వదినగారికి స్టెంట్ వేశాక అన్నీ మానేసి హాయిగా ఉన్నారు.

అమలాపురం నుంచి (ప్రశ్న అడిగినవారు):

అన్నయ్యగారూ, మీ ఆదరం అర్థమైంది. అయితే డాక్టరుగారు చెప్పిన పది, పదమూడు కిలోల మాట చదివాక నేను వంటింట్లోకి వెళ్లి ఒకసారి చూసుకున్నాను. రాకెట్ బరువు వంద గ్రాములు కూడా ఉండదు, దానిని అటకెక్కించారు. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను మాత్రం ఈ ఏడు నెలలూ గుమ్మం దగ్గర నుంచి స్టాండు మీదికి ఎత్తింది నేనే. పోయిన వారం గ్యాస్ బండ మార్చింది కూడా నేనే, పళ్లు బిగించి మరీ. గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే ముప్పై దగ్గర. ఇంట్లో ఒక్కరికీ, నాతో సహా, అది ప్రమాదమని తోచలేదు. డాక్టరుగారూ, నేను సరిగానే అర్థం చేసుకున్నానా?

రాజమహేంద్రవరం నుంచి:

నూటికి నూరుపాళ్లూ. ఈ రోజు నుంచి టిన్నూ బండా వేరేవాళ్లు ఎత్తాలి. నీళ్లు చెంబుతో బిందెలోకి వంచుకోండి. భీమవరం వారితో ఒక్క మాట: స్టెంట్ వేసినవారికి కూడా అన్నీ మానేయమని మేము చెప్పము; ఆమెను కనీసం నడవమనండి.

అమ్మా, ఆటలోగాని, ఆట తరువాతగాని మునుపటి నొప్పి వస్తే చివరి పాయింటు దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయించండి. ఈసీజీ మామూలుగా ఉందని పంపించబోతే ట్రోపోనిన్ చేయమని అడగండి. డిశ్చార్జి కాగితం, యాంజియోగ్రామ్ సీడీ కోర్టుకు తీసుకెళ్లే సంచిలోనే ఉండాలి. రక్తం పలుచన చేసే మాత్రలు రెండు రకాలు వాడుతూ ఉంటే, దెబ్బ తగిలినచోట కమిలిపోవడం ఎక్కువగా ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే మాత్రం తేలికగా తీసుకోవద్దు.

అమలాపురం నుంచి (ఏడు వారాల తరువాత):

ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా వచ్చింది. రిహాబ్ ఆరు వారాలు పూర్తయ్యాక మా డాక్టరుగారు సగం కోర్టుకు, ఇరవై నిమిషాలకు ఒప్పుకున్నారు. నిన్న ఉదయం వెళ్లాను. మావారు కూడా వచ్చి, సంచిలో సీడీ ఉందా అని రెండుసార్లు తడిమి చూసి, బల్ల మీద కూర్చున్నారు. మొదటి ‘హా’కి పక్క కోర్టు పిల్లలు నవ్వారు. నాతో పదేళ్లుగా ఆడే జోడీ, నేను డ్రాప్ వేసి షటిల్ నెట్‌కు అవతల పడగానే అలవాటు చొప్పున ‘వన్–లవ్’ అని గట్టిగా స్కోరు చెప్పేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.