చెల్లి స్పోర్ట్స్ ఫిజియో చదువుతానంటోంది, ఈ లైన్లో ఉన్నోళ్లు కాస్త చెప్పండి

రావులపాలెం_అన్నయ్య:
అందరికీ నమస్కారమండీ. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు, అరటి తోట. చెల్లి ఇంటర్ బైపీసీ రెండో ఏడు, జిల్లా జట్టులో కబడ్డీ ఆడుతుంది. మొన్న దసరా ముందు మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఆరో నెల. ఎక్సర్‌సైజులు చేయించిన మేడమ్‌ని చూసి తనూ అదే చదువుతానని పట్టుబట్టింది. నాన్నేమో నర్సింగ్ చేయించమంటున్నారు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేస్తే చాలా, అథ్లెటిక్ ట్రైనర్ అని వేరే కోర్సు ఉందా? మన చుట్టుపక్కల పని దొరుకుతుందా? ప్రైవేటు కాలేజీలో ఫీజు మొత్తం ఎంతవుతుంది? ఫీజు సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి, తోట మీద అప్పు తియ్యాలి.

బీపీటీ_బాధితుడు:
వద్దు బ్రదర్. నాలుగేళ్లు చదివి, ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్ చేసి, ఒక ఎముకల ఆసుపత్రిలో చేరితే నాకిచ్చిన మొదటి జీతం 9 వేలు. రోజుకి ముప్పై మంది. నడుం నొప్పి, మెడ నొప్పి, పక్షవాతం. కరెంటు మిషను ప్యాడ్లు అంటించడం, పావుగంటకి పీకడం, పక్కాయనకి అంటించడం. స్పోర్ట్స్ అని కలలు కని చేరినోణ్ణి, మూడేళ్లలో నా దగ్గరకొచ్చిన ఒకే ఒక్క ఆటగాయం సంక్రాంతి బరిలో కోడికత్తి తగిలి వేలి నరం తెగిన పెద్దాయనది. కుట్లు విప్పాక వేలు ముడవడం నేర్పించాను. అదీ ఆయన ఆడిన ఆట కాదు, కోడి ఆడింది.

డల్లాస్_గోదారోడు:
అథ్లెటిక్ ట్రైనర్ అంటే జిమ్ ట్రైనర్ అనుకుంటున్నారేమో, కాదు. ఇక్కడ అమెరికాలో అది విడిగా ఒక వృత్తి. 1990లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గుర్తించింది. ఇప్పుడు ఆ లైన్లోకి రావాలంటే మాస్టర్స్ చెయ్యాలి, ఆపైన బీఓసీ అనే సర్టిఫికేషన్ పరీక్ష. మా అబ్బాయి హైస్కూల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే (మన ఫుట్‌బాల్ కాదు, ఆ కోడిగుడ్డు బంతి) గీత పక్కనే ఒకావిడ నిలబడి ఉంటుంది. పిల్లాడి తలకి దెబ్బ తగిలిందని ఆవిడ చెయ్యెత్తిందంటే కోచ్ నోరెత్తడు, వాణ్ణి బయట కూర్చోబెట్టాల్సిందే. మన బీపీటీ పట్టుకొచ్చి నేరుగా ఆ ఉద్యోగంలో చేరడం కుదరదు. ఇక్కడి ఫిజియో లైసెన్సు మళ్లీ వేరే దారి, దానికి మన చదువు సరిపోతుందో లేదో ముందు తూకం వేస్తారు, తర్వాత పరీక్ష పెడతారు.

డా॥_ఫిజియో_కాకినాడ:
పద్నాలుగేళ్ల అనుభవంతో చెబుతున్నాను. బాధితుడు తమ్ముడూ, నువ్వు ప్యాడ్ల దగ్గరే ఆగిపోతే చదువుని తిట్టకు. నాకు సొంత క్లినిక్ ఉంది, ఐదుగురు పనిచేస్తున్నారు, ఇద్దరు రంజీ ఆటగాళ్లు నా చేతి మీదుగా వెళ్లారు. అన్నయ్యగారూ, బీపీటీ చేయించండి, తర్వాత రెండేళ్లు స్పోర్ట్స్‌లో ఎంపీటీ (ఫిజియోలో పీజీ). మిగతావాళ్ల మాట వినకండి.

ఎంబీబీఎస్_థర్డియర్:
పేరు ముందు ఆ డా॥ ఎవరిచ్చారు సార్?

డా॥_ఫిజియో_కాకినాడ:
2025 ఏప్రిల్లో వచ్చిన మా కొత్త సిలబస్ చదువు బాబూ. ముందు డా॥, వెనక పీటీ (ఫిజియోథెరపిస్టు అని) రాసుకోవచ్చని అందులోనే ఉంది.

ఎంబీబీఎస్_థర్డియర్:
అదే ఏడు సెప్టెంబర్ 9న కేంద్రంలో డీజీహెచ్ఎస్ (ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఆఫీసు) రాసిన ఉత్తరం కూడా చదవండి. ఫిజియోలు డా॥ అని రాసుకుంటే 1916 నాటి మెడికల్ డిగ్రీల చట్టం ప్రకారం తప్పన్నారు.

డా॥_ఫిజియో_కాకినాడ:
మర్నాడే, అంటే 10న, దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది చదవలేదా, పరీక్షకి రాదని వదిలేశావా?

ఎంబీబీఎస్_థర్డియర్:
ఇంకా పరిశీలించాలని వెనక్కి తీసుకున్నారు సార్, ఒప్పేసుకుని కాదు. పోనీ మీ సిలబస్ ప్రకారమే చూద్దాం. ముందు డా॥ ఉంది, వెనక పీటీ ఏది? మీ పేరులో 'కాకినాడ' ఉంది గానీ పీటీ లేదే!

కోనసీమ_కొబ్బరి:
మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుగారే, పశువులాయన డాక్టరుగారే, రొయ్యల చెరువుకి మందు చెప్పే కుర్రాడూ డాక్టరుగారే. వాళ్లనెవరూ అడగరు. నాలుగున్నరేళ్లు పుస్తకాలు పట్టుకున్నోళ్ల దగ్గరే వచ్చిందండీ గొడవంతా.

ఎంబీబీఎస్_థర్డియర్:
రొయ్యల డాక్టరు మా నాన్నకి ఎంఆర్ఐ రాయలేదండీ. ఒక ఫిజియో రాశారు. నడుం నొప్పని మూడు నెలలు కరెంటు పెట్టి పెట్టి, ఆఖరికి చూస్తే కిడ్నీలో రాయి. అందుకే అడుగుతున్నాను.

డా॥_ఫిజియో_కాకినాడ:
ఒకడి తప్పుకి వృత్తి మొత్తాన్ని తిడతావా? మీవాళ్లు పంపిన కేసులు నేను పట్టుకున్నవి చెప్పనా ఇక్కడ? రాత్రంతా చెబుతాను, వింటావా?

బీపీటీ_బాధితుడు:
9 వేల జీతానికి డా॥ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి. ఇంటి ఓనరు అద్దె తగ్గిస్తాడా?

పీఈటీ_మాస్టారు:
కొట్టుకోవడం ఆపండ్రా అబ్బాయిలూ. అన్నయ్యగారూ, మా కాలంలో మట్టి కోర్టు. కాలు జారితే జారేది, ఒళ్లు గీసుకుపోయేది, అంతే. ఇప్పుడు మ్యాట్, షూసు. పాదం పట్టేసుకుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు బలి. అసలే ఆడపిల్లలకి ఏసీఎల్ తెగడం ఎక్కువ. ఆపరేషన్ అయిందని దిగులుపడకండి. బ్యాడ్మింటన్ గోపీచంద్‌గారికి 1994లో మోకాలు పోయింది, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ కొట్టారు. నా సలహా అడిగితే అమ్మాయిని డిగ్రీ చేయించి బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు)లో చేర్పించండి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఇచ్చారు, అందులో వ్యాయామ ఉపాధ్యాయులవీ ఉన్నాయి. సొంతూరికి దగ్గర్లో ఉద్యోగం, నెలనెలా జీతం.

కోనసీమ_కొబ్బరి:
మాస్టారూ, మళ్లీ డీఎస్సీ ఎప్పుడండీ? మా మరదలు మూడేళ్లుగా కోచింగ్‌లోనే ఉంది.

ఐసుబాక్స్_ఆకివీడు:
డీఎస్సీకి వేరే చర్చ ఉంది, అక్కడ మాట్లాడుకోండి. నాది వేరే సంగతి. రెండేళ్ల కిందట మే నెలలో మా ఊళ్లో వాలీబాల్ పెట్టాం. మధ్యాహ్నం మూడింటికి సెమీస్. ఆ పూట గాలాడలేదు, ఉక్క. మన డెల్టాలో చెమట పోస్తుంది గానీ ఆరదు కదా. ఒక కుర్రాడు కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా ఉంది, మమ్మల్ని గుర్తుపట్టట్లేదు, ఏదేదో వాగుతున్నాడు. కొందరు నీళ్లు తాగించబోయారు, ఒకాయన ఉల్లిపాయ తెమ్మన్నాడు. చూడ్డానికొచ్చిన బీపీటీ ఫైనలియర్ అమ్మాయి గట్టిగా అరిచింది, "తాగించకండి, పొలమారుతుంది, ముందు చల్లబరచాలి" అని. రొయ్యలు కడిగే పెద్ద టబ్బు తెప్పించి, ఫ్యాక్టరీ ఐసు కొట్టించి, నీళ్లు పోయించి మెడదాకా దింపించింది. చంకల కింద చేతులేసి తనే పట్టుకుంది, తల మునక్కుండా. 108 వచ్చేసరికి కుర్రాడు వాళ్లమ్మ పేరు చెబుతున్నాడు. నలభై డిగ్రీలు దాటిన ఒంటిని వెంటనే దించకపోతే మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయని, చల్లబరిచాకే తరలించడం మంచిదైందని ఆసుపత్రిలో పెద్ద డాక్టరే అన్నాడు. ఆ అమ్మాయికి మేమిచ్చింది ఒక శాలువా, ఒక మజ్జిగ ప్యాకెట్టు. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జిమ్_భీమవరం:
ఐసు మంచిది కాదు గురూ. దెబ్బకి ఐసు పెట్టమని 1978లో రాసిన అమెరికా డాక్టరే తర్వాత మాట మార్చాడు, మానడం ఆలస్యమవుతుందని.

ఐసుబాక్స్_ఆకివీడు:
నేను చెప్పింది వడదెబ్బ, నువ్వు చెప్పేది బెణుకు. చదివి రాయవయ్యా.

జిమ్_భీమవరం:
బెణుక్కైనా కట్టే మేలు. మా బాబాయి చీలమండకి పసుపు, గుడ్డుసొన వేసి వెదురుబద్దలతో కట్టించాం, ఇరవై రోజుల్లో పొలం వెళ్లాడు.

డా॥_ఫిజియో_కాకినాడ:
ఎక్స్‌రే తీయించారా? విరిగిందో బెణికిందో తెలియకుండా బద్దలేస్తే వంకరగా అతుక్కున్న కాళ్లు మా క్లినిక్‌లో నెలకి నాలుగు చూస్తాను.

మోకాలి_మేడమ్:
మొత్తం చదివాను. అన్నయ్యగారు అడిగిందానికి సగం మంది జవాబే చెప్పలేదు. నేను ఎంపీటీ స్పోర్ట్స్ చేసి ఎనిమిదేళ్లుగా జట్లతో తిరుగుతున్నాను. అథ్లెటిక్ ట్రైనర్ పేరుతో మన దగ్గర పెద్దగా ఉద్యోగాలుండవు, ఆ పని ఫిజియోలే చేస్తారు. నాకు టోర్నీకి రోజుకి 1,500 ఇస్తారు, కొన్ని సంఘాలు అదీ ఎగ్గొడతాయి. బస్సులో చివరి సీటు, టేపు డబ్బులు మనవే, రాత్రి పదకొండింటిదాకా పిల్లల కాళ్లు చూడాలి. గెలిస్తే కోచ్‌కి దండ. ఓడితే "ఫిజియో టేపు సరిగ్గా వెయ్యలేదు". అయినా ఎందుకు చేస్తున్నానంటారా? ఒకసారి నేషనల్స్‌కి బయల్దేరే ముందు మా జట్టు పిల్లకి ఊళ్లో ఎవరో నొప్పికని ఇంజెక్షన్ వెయ్యబోయారు. సీసా చూస్తే డెక్సా, అంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. 2022 నుంచి పోటీ సమయంలో ఆ రకం స్టెరాయిడ్ ఏ ఇంజెక్షన్ రూపంలోనైనా నిషేధం. వేసుంటే, నాడా (డోపింగ్ పరీక్షలు చేసే సంస్థ) వాళ్లు శాంపిల్ తీసుకునుంటే, ఆ పిల్ల ఆట అక్కడితో సరి. సీసా లాక్కుని బ్యాగులో పడేశాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అసలు సంగతి, చెల్లికి ఆరో నెలే అన్నారు. మళ్లీ ఆడటం మొదలెట్టిందా?

రావులపాలెం_అన్నయ్య:
పరీక్షలవగానే రమ్మని కోచ్‌గారు ఫోన్ చేస్తున్నారండీ. నొప్పి లేదంటోంది.

మోకాలి_మేడమ్:
పంపకండి. నొప్పి లేకపోతే సరిపోదు. కనీసం 9 నెలలు నిండాలి. ఆపైన రెండు తొడల బలం పోల్చి చూడాలి, ఒంటికాలి గెంతులు టేపు పెట్టి కొలవాలి, తేడా ఎక్కువుంటే ఇంకా ఆగాలి. తొందరపడితే అదే మోకాలు మళ్లీ తెగుతుంది, లేదా రెండోది. కోచ్‌గారు గట్టిగా అడిగితే నాతో మాట్లాడించండి.

పీఈటీ_మాస్టారు:
మేడమ్ చెప్పింది నిజమే. నేనూ ఒకప్పుడు ఇలాగే ఒక పిల్లని తొందరపెట్టాను. ఇప్పుడు ఆట లేదు తనకి. బట్టల కొట్లో పనిచేస్తోంది.

రావులపాలెం_అన్నయ్య:
చాలా థాంక్సండీ మేడమ్. కోచ్‌గారికి చెప్పేశాను, కోపం వచ్చింది, పర్లేదు. చెల్లి ఈ చర్చంతా చదివింది. ఆ సీసా సంగతి నాన్నకి రెండుసార్లు చదివి వినిపించింది. ఆయన ఏమీ అనలేదు గానీ తోట కాగితాలు బయటికి తీశారు. ఇంతకీ ఫీజు ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు.

ఐసుబాక్స్_ఆకివీడు:
మే రెండో వారంలో మళ్లీ వాలీబాల్ పెడుతున్నామండీ. ఈసారి మధ్యాహ్నం మ్యాచులు లేవు, పొద్దున్న, రాత్రి లైట్ల కింద మాత్రమే. టబ్బూ ఐసూ సిద్ధంగా ఉంచుతాం. చెల్లెల్ని పంపండి, మేడమ్ వస్తే పక్కనుండి నేర్చుకుంటుంది. మేడమ్‌కి రోజుకి 2,500 ముందే చేతిలో పెడతాం.

జిమ్_భీమవరం:
మా జట్టూ వస్తుంది. ఫీజు ఎంత?

ఐసుబాక్స్_ఆకివీడు:
వెయ్యి.