మొక్క బొమ్మకు నేపథ్యం ఉండవచ్చా? మారియాన్ నార్త్ చిత్రాలపై ఒక సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము బెంగళూరు జయనగరంలో ఉంటాము. ఆదివారం ఉదయం లాల్‌బాగ్‌లో కూర్చుని పూలను నీటిరంగులతో వేయడం నాకు అలవాటు. మొక్కను తెల్లకాగితం మీద విడిగానే వేయాలనీ, వెనుక మరేదీ ఉండకూడదనీ మా మాస్టారు చెబుతారు. అయితే విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల చిత్రకారిణి మారియాన్ నార్త్ (1830–1890) బొమ్మల్లో పూల వెనుక కొండలు, వాగులు, అడవులు తైలవర్ణాల్లో నిండుగా కనిపిస్తున్నాయి. ఆమెవి శాస్త్రానికి పనికివచ్చే బొమ్మలేనా?

సమాధానం 1:
తప్పకుండా పనికివచ్చాయండీ. 1869లో తండ్రి మరణించాక, 1871 నుంచి ఆమె జమైకా, బ్రెజిల్, జపాన్, బోర్నియో తదితర ప్రాంతాలు తిరిగారు. 1877–79 మధ్య మన దేశంలోనూ బొమ్మలు వేశారు. 1876లో బోర్నియోలోని సారవాక్‌లో ఆమె చిత్రించిన పెద్ద కూజా మొక్కను (కూజాలాంటి ఆకులతో పురుగులను పట్టే మొక్క) చూసిన లండన్ నర్సరీ యజమాని ఒకరు, దాన్ని వెతికి తెమ్మని మనిషిని పంపారు. అది శాస్త్రానికి కొత్త జాతి అని తేలడంతో, 1881లో లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ డైరెక్టర్, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ దానికి నెపెంథిస్ నార్తియానా అని ఆమె పేరే పెట్టారు.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే, మీ మాస్టారి పక్షాన ఒక మాట చెప్పాలి. జాతిని నిర్ధారించాలంటే పువ్వును కోసి కేసరాలను, అండాశయాన్ని, గింజను కొలతలతో విడివిడిగా చూపాలి. నార్త్ బొమ్మల్లో సాధారణంగా అవి ఉండవు. ఆమె చూపినది వేరు: ఆ మొక్క ఎలాంటి నేలలో, ఏ వెలుగులో, వేటి పక్కన పెరుగుతుందో ఎండబెట్టి భద్రపరిచిన మొక్క నమూనా చెప్పలేదు, ఆమె బొమ్మ చెబుతుంది. అందుకే ఆమెది లోపమని నేను అనుకోను. క్యూ గార్డెన్స్‌లో ఆమె సొంత ఖర్చుతో కట్టించిన గ్యాలరీ 1882లో తెరుచుకుంది. అక్కడ 800కు పైగా చిత్రాలను దేశాలవారీగా, గోడ కనబడనంత దగ్గరగా అమర్చారు. వాటి కింద 246 రకాల కలప పలకలు ఉన్నాయి. సందర్శకులకు టీ, కాఫీ ఇవ్వాలన్న ఆమె కోరికను హుకర్ ఒప్పుకోకపోతే, ఆ రెండు మొక్కలనూ తలుపుల పైన చిత్రించారట!

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఒకే పువ్వును రెండు కాగితాల మీద వేస్తాను: ఒకదానిలో మాస్టారు చెప్పినట్టు భాగాలు విడదీసి, రెండవదానిలో వెనుక లాల్‌బాగ్ బండను కూడా చేర్చి.