'సెట్' అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? పిల్లలకు ఎలా బోధించాలి?

ప్రశ్న: ఆంగ్ల ఉపాధ్యాయిని, నరసన్నపేట

అందరికీ నమస్కారం. నేను నరసన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. ఈమధ్య తరగతిలో 'ది సన్ హాడ్ సెట్' అనే వాక్యానికి అర్థం అడిగితే, ఒక అమ్మాయి "సూర్యుణ్ణి సరిచేశారు" అని చెప్పింది. పక్క వరసలోని అబ్బాయి "సూర్యుడికి అన్నీ కుదిరిపోయాయి" అన్నాడు. ఆ మాట వాళ్ళ చెవిన పడే తీరు అదే కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. పొలంలో పంపుసెట్టు, పెళ్ళికి కొనే స్టీలు గిన్నెల సెట్టు, ఫోనులో సెట్టింగులు, టిఫిను హోటల్లో సెట్ దోసె, ఉద్యోగం వచ్చిన అన్నయ్యకు 'లైఫ్ సెట్ అయిపోయింది' అనడం ఇవన్నీ వాళ్ళకు బాగా తెలిసినవే. వీటిలో ఏ ఒక్కటీ సూర్యాస్తమయం దాకా తీసుకుపోదు.

ఇవన్నీ నిజంగా ఒకే మాటా, లేక వేరువేరు మాటలు ఒకే రూపంలో కలిసిపోయాయా? నిఘంటువు తెరిస్తే అర్థాలు పుటల కొద్దీ ఉన్నాయి. వాటిని జాబితాగా రాయించి బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. దయచేసి పెద్దలు దారి చూపగలరు.

సమాధానం: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, విజయనగరం

అమ్మా, చాలా మంచి ప్రశ్న వేశారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికంటే పెద్ద ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ భాగం, ఈ 'సెట్' క్రియదే. దానికి సుమారు 430 అర్థాలు ఇచ్చారు, వాటి వివరణే దాదాపు 60,000 మాటలయింది. తరువాత మూడవ కూర్పు కోసం 'రన్' అనే క్రియను తిరగరాసినప్పుడు దాని అర్థాలు 645కు చేరడంతో 'సెట్' రెండవ స్థానానికి జరిగింది.

మీరు అనుమానించినట్టే ఇక్కడ రెండు మాటలు కలిసిపోయి ఉన్నాయి. క్రియ అయిన 'సెట్' ప్రాచీన ఆంగ్లంలోని 'సెట్టన్' నుంచి వచ్చింది. అది 'సిట్' అనే క్రియకు ప్రేరణార్థకం, అంటే కూర్చోవడానికి కూర్చోబెట్టడం ఎలాంటిదో అలాంటిది. గిన్నెల సెట్టు, పంపుసెట్టు వంటి వాటిలో ఉన్న నామవాచకం మాత్రం వేరే దారిలో వచ్చింది. లాటిన్‌లో అనుయాయుల గుంపును సూచించిన 'సెక్టా' ప్రాచీన ఫ్రెంచిలో 'సెట్' అయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి చేరింది. మతశాఖ అనే అర్థంలో వాడే 'సెక్ట్' కూడా ఆ కుదురుదే. మోటారు, పంపు కలిసి ఒక జట్టు కనుక అది పంపుసెట్టు. అయితే సినిమా సెట్టు ఈ కోవలోకి రాదు. తెచ్చి నిలబెట్టినది అనే భావంతో అది క్రియ నుంచే పుట్టింది. రూపం ఒకటే కావడం వల్ల ఇంగ్లీషువారి మనసుల్లో కూడా ఈ రెండూ శతాబ్దాలుగా ఒకదానిలో ఒకటి కలుస్తూ వచ్చాయి కాబట్టి, ప్రతి ప్రయోగాన్నీ కచ్చితంగా ఇటో అటో వేయడం కుదరదు.

ఇక సూర్యుడి సంగతి. ప్రాచీన ఆంగ్లంలో సూర్యాస్తమయాన్ని 'సెట్ల్‌గాంగ్' అనేవారు. 'సెట్ల్' అంటే ఆసనం, 'గాంగ్' అంటే పోవడం. పగలంతా తిరిగిన సూర్యుడు తన పీటకు చేరుకున్నాడన్న ఊహ అందులో ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే మీ పిల్లలు ఆ వాక్యాన్ని ఇక మరచిపోరని నా నమ్మకం. నా మట్టుకు నేను 'కుదురుగా కూర్చోబెట్టడం' అనే మూలార్థాన్ని ముందు చెప్పి, గడియారం ముల్లును, ధరను, తేదీని, చివరకు విరిగిన ఎముకను కూడా దానికి ముడిపెడుతూ బోధించేవాణ్ణి.

సమాధానం: భవన నిర్మాణ ఇంజనీరు, బొబ్బిలి

మాస్టారు చెప్పిన 'కుదురుకోవడం' మా పనిలో కంటికి కనిపిస్తుంది కనుక రాస్తున్నాను. సిమెంటులో నీళ్ళు పడగానే రసాయన చర్య మొదలవుతుంది. కొంతసేపు మాలు తాపీకి మెత్తగా లొంగుతుంది. ఆ తరువాత బిగుసుకుంటుంది, ఇక కదిపితే అతకదు. ఈ బిగుసుకోవడాన్నే 'సెట్టింగ్' అంటాం. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు తొలి సెట్టింగ్ 30 నిమిషాల లోపు మొదలుకాకూడదు, చివరి సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. మరీ త్వరగా బిగుసుకోకుండా ఉండేందుకే క్లింకరును, అంటే కొలిమిలో కాల్చిన సిమెంటు గడ్డలను, పొడి చేసేటప్పుడు జిప్సం కలుపుతారు.

ఇక్కడ ఒక భేదం పిల్లలకు తప్పక చెప్పండి. సెట్ కావడం వేరు, గట్టిపడి బలం పుంజుకోవడం వేరు. శ్లాబు పోసిన మర్నాడు దాని మీద నడవవచ్చు, కానీ అది పూర్తి బలానికి రాలేదు. అందుకే పైన గట్లు కట్టి రోజుల తరబడి నీళ్ళు నిలుపుతారు. 'సెట్ అయింది కదా' అని నీళ్ళు మానేసిన శ్లాబులకు పగుళ్ళు రావడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక మాటకు అర్థం సరిగా తెలియకపోతే ఇంటికే చేటు వస్తుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

సమాధానం: గణిత ఉపాధ్యాయుడు, పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

రెండు మాటలు చేరుస్తాను. గణితంలోని సెట్టుకు మనం 'సమితి' అంటాం. పిల్లలు దాన్ని గిన్నెల సెట్టులా ఊహించుకుని పొరపడతారు. ఒకే రకం పళ్ళేలు ఆరు ఉంటే గిన్నెల సెట్టులో ఆరుగానే లెక్క. సమితిలో 2ను ఆరుసార్లు రాసినా అది ఒక్క మూలకమే, పైగా వరసతో పనిలేదు. రెండవది, ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్), ఎడ్‌సెట్ వంటి ప్రవేశ పరీక్షల పేర్ల చివరనున్న 'సెట్' అసలు ఈ మాటే కాదు. అది 'కామన్ ఎంట్రన్స్ టెస్ట్' అనే మూడు మాటల తొలి అక్షరాల కూర్పు.

సమాధానం: తెలుగు పండితుడు, ఆమదాలవలస

అధ్యాపకులవారి వ్యుత్పత్తి వివరణ నాకు ఎంతో నచ్చింది. అయితే పదిహేనేళ్ళ పిల్లలకు ముందుగా చెప్పవలసింది అది కాదని నా అభిప్రాయం. వాళ్ళ నోట్లో ఇప్పటికే ఇలాంటి మాట ఒకటి ఉంది, అది 'పెట్టు'. అన్నం పెట్టాం, బొట్టు పెట్టాం, పేరు పెట్టాం, ముహూర్తం పెట్టాం, కోడి గుడ్డు పెట్టింది, 'ఈ ఉత్తరం చదివి పెట్టు' అన్నాం. చివరి వాక్యంలో పెట్టడం అనే పనే లేదు, ఒకరి కోసం చేయడం అన్న భావం మాత్రమే ఉంది. ఈ అర్థాలను ఏ పిల్లవాడూ జాబితా చూసి నేర్చుకోలేదు. పక్కన ఏ మాట ఉందో దాన్ని బట్టి అర్థం తెలుసుకున్నాడు. 'సెట్' కూడా అంతే. నిప్పు, అలారం, ప్రశ్నపత్రం వంటి మాటలు దానికి కర్మగా వచ్చినప్పుడు మన 'పెట్టు' చక్కగా సరిపోతుంది. పాలు వచ్చినప్పుడు తోడుకోవడం అవుతుంది, పొద్దు వచ్చినప్పుడు మన ప్రాంతంలో గూకడం అవుతుంది. అందువల్ల మాటను ఒంటరిగా కాక, జంటగా నేర్పండి.

మన జిల్లాలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషకు నిఘంటువు కూర్చినప్పుడు, ఆ భాషకు లిఖిత గ్రంథాలు లేకపోవడం వల్ల సవరలు మాట్లాడుతుంటే విని అర్థాలు గ్రహించారు. తరగతిలో కూడా వాక్యం ముందు, అర్థం తరువాత రావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. పండితులవారు చెప్పినట్టు 'పెట్టు'తో మొదలుపెట్టి, సూర్యుడి దగ్గరకు వచ్చేసరికి పీట సంగతి చెబుతాను. మిగిలిన సందేహం ఒక్కటే. పిల్లలు "నాకు ఈ రంగు సెట్ అవ్వదు" అంటారు. ఇంగ్లీషులో కూడా ఆ ప్రయోగం ఉందా?

సమాధానం: విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, విజయనగరం

లేదమ్మా. ఆ చోట ఇంగ్లీషులో 'సూట్' అనే క్రియ వాడాలి. 'లైఫ్ సెట్' అన్నదానికి ఇంగ్లీషులో దగ్గరి ప్రయోగం ఉంది, జీవితానికి సరిపడా సమకూరినవారిని 'సెట్ ఫర్ లైఫ్' అంటారు. రంగు సెట్ కాకపోవడం, ఇద్దరికీ సెట్ కాకపోవడం మాత్రం తెలుగువారు 'కుదరడం' అనే అర్థాన్ని పొడిగించి సొంతంగా చేసుకున్న ప్రయోగాలు. తెలుగులో అవి తప్పు కావు. పరీక్షలో ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు మాత్రం వాటిని అలాగే దించవద్దని ఉదాహరణలతో చెప్పండి, అక్కడే మార్కులు పోతాయి.